పకీ షకీ మధ్య ఒక గీత

నాలుగేళ్ల పిల్ల ముందు క, ల, గ, అ అని నాలుగు అట్టముక్కలు పరిచి, వాటికి జతలు చేతికివ్వండి. చూస్తుండగానే సరిపెట్టేస్తుంది. పెద్దవాళ్లు చప్పట్లు కొడతారు. ఇప్పుడు వాటిని తీసేసి ప, వ, ష, మ పెట్టండి. చెయ్యి గాల్లో ఆగుతుంది. ష తీసుకెళ్లి ప మీద పెడుతుంది, కాసేపు చూస్తుంది, మళ్లీ తీస్తుంది. మొదటి ఆటలో ఆ పిల్ల అక్షరాలను నిజంగా చూడాల్సిన అవసరమే రాలేదు. మొత్తం ఆకారం మీద ఒక చూపు వేస్తే సరిపోయింది. రెండో ఆటలో చెయ్యి ఆగిన ఆ క్షణంలోనే అక్షరం నేర్చుకోవడం మొదలైంది.

బడికి ముందు వయసు పిల్లల కోసం అమ్మే అక్షరాల ఆటసామాన్లలో ఈ క్షణం చాలా అరుదుగా దొరుకుతుంది. దానికో కారణం ఉంది. ఆ ఆటలు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల కోసం పుట్టినవి. పెద్ద 'ఏ'కి చిన్న 'ఏ'ని జత చేయడం, 'బి' పక్కన బంతి బొమ్మ పెట్టడం లాంటివి. ఇంగ్లిషుకు అవి అవసరమే. ఒకే అక్షరానికి రెండు రూపాలున్న లిపి అది, ఇరవై ఆరింటికీ యాభై రెండు ఆకారాలు నేర్వాలి. మనకు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే తేడా లేదు. మన పిల్లలకు కష్టం వచ్చే చోటు వేరు. ఆటలు మాత్రం ఇంగ్లిషువి తెచ్చుకుని, వాటి మీద అ, ఆ అంటించి అమ్ముతున్నాం. తెలుగు పిల్ల ఎక్కడ తడబడుతుందో చూసి, ఆ చోటుకే చేతిని తీసుకెళ్లే ఆటలు మనమే తయారు చేసుకోవాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. పాత శుభలేఖలు, సుద్దముక్క, బంక, గుప్పెడు రవ్వ చాలు.

కష్టం ఎక్కడుందో తెలియాలంటే అరవై ఏళ్ల క్రితం జరిగిన ఒక పరిశోధన దగ్గరికి వెళ్లాలి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎలినార్ గిబ్సన్, ఆమె సహచరులు 1962లో ఒక పని చేశారు. అక్షరాల్లా కనిపించే, ఏ భాషకూ చెందని ఆకారాలు కొన్ని గీశారు. ఒక్కో ఆకారాన్నీ రకరకాలుగా మార్చారు. ఒకదాంట్లో నిటారు గీతను వంపు చేశారు. ఒకదాన్ని తలకిందులు చేశారు, ఒకదాన్ని అద్దంలో కనబడినట్టు తిప్పారు. ఇంకోదాంట్లో మూసి ఉన్న చోట సందు వదిలారు, తెరిచి ఉన్న చోట మూసేశారు. మరొకదాన్ని వాలుగా పెట్టి చూసినట్టు గీశారు. నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా వయసున్న పిల్లలకు ఇచ్చి, అసలు ఆకారంలాగే ఉన్నదాన్ని ఏరమన్నారు. ఇది అచ్చంగా జత చేసే ఆటే.

మూసి ఉందా, తెరిచి ఉందా అన్న తేడాలో నాలుగేళ్ల పిల్లలు కూడా పెద్దగా పొరపడలేదు. తిప్పిన ఆకారాలు, అద్దపు ఆకారాల దగ్గర మాత్రం చిన్నపిల్లలు బాగా తడబడ్డారు. ఆ తప్పులు వయసుతో వేగంగా తగ్గి, ఎనిమిదేళ్లకు దాదాపు పోయాయి. వాలుగా మారిన ఆకారాన్ని వేరని గుర్తించడం పెద్ద పిల్లలకూ కష్టంగానే మిగిలింది. గిబ్సన్ ఇచ్చిన వివరణ తేలికగా అర్థమవుతుంది. పుట్టినప్పటి నుంచి పిల్లలు వస్తువులతో బతుకుతారు. గిన్నె బోర్లించినా గిన్నే, పిడి అటు తిప్పినా ఇటు తిప్పినా గిన్నే. తిరిగినంత మాత్రాన వస్తువు మారదని కన్ను నేర్చుకుంటుంది. అక్షరాల లోకంలో ఆ పాఠం చెల్లదు. ఇంగ్లిషు చిన్న 'బి'ని తిప్పితే 'డి' అవుతుంది, బోర్లిస్తే 'పి' అవుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన మెదడు శాస్త్రవేత్త స్టనిస్లాస్ డెహానె ఇదే సంగతిని మెదడు వైపు నుంచి చెబుతారు. చదవడం మనిషి నేర్చి కొన్ని వేల ఏళ్లే అయింది, దాని కోసం మెదడులో ప్రత్యేకంగా ఏ భాగమూ పుట్టలేదు. వస్తువులనూ ముఖాలనూ గుర్తుపట్టే ప్రాంతాల్లోంచే, ఎడమ వైపు అడుగున కొంత చోటును అక్షరాలు తమ పనికి తీసుకుంటాయి. కుడి ఎడమల తేడాను పట్టించుకోని పాత అలవాటు కొన్నాళ్లు వెంట వస్తుంది. అయిదారేళ్ల పిల్లలు అక్షరాన్ని తిరగేసి రాయడం చూసి కంగారు పడే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

మరి తెలుగు సంగతి ఏమిటి? మన అక్షరాల్లో ఒకదాన్ని తిప్పితే ఇంకోటి అయ్యే జతలు దాదాపు లేవు. ఇంగ్లిషు పిల్లల్ని ఏడిపించే ఆ చిక్కు మనకు తప్పింది. దాని బదులు ఇంకో చిక్కుంది. అన్నీ గుండ్రంగా ఉంటాయి, తేడా అంతా ఒక చిన్న గుర్తులో ఉంటుంది. ర మధ్యలో చుక్క పెడితే ఠ. ద అడుగున గీత పెడితే ధ, దాని కడుపులో చుక్క కూడా పెడితే థ. ప లోపల గీత గీస్తే ష, అడుగున గీస్తే ఫ. వుకి, మకి మధ్య తేడా కొమ్ము ఎక్కణ్ణించి లేచిందన్నదే. కన్ను మొత్తం ఆకారాన్ని పట్టుకుని తృప్తిపడే వయసులో, ఇంత చిన్న గుర్తు మీద చూపు నిలపడం పెద్ద పని.

అందుకే ఏ జతతో మొదలుపెట్టాలన్నది ముఖ్యం. నా లెక్కలో మొదటి జత ప, వ. ప తలకట్టు అక్షరం ఒంటికి అంటదు, మధ్యలో సందు ఉంటుంది. వ తలకట్టు అంటుకునే ఉంటుంది. ఇది గిబ్సన్ చెప్పిన తెరిచినవి, మూసినవి అనే తేడా. నాలుగేళ్ల కంటికి అందే తేడా. న, సల మధ్యా దాదాపు ఇదే తేడా ఉంది. అచ్చు పుస్తకాల్లో ఆ సందు వెంట్రుక వాసంత సన్నగా ఉంటుంది కాబట్టి, అట్ట మీద మీరు రాసేటప్పుడు పిల్లవాడి వేలు దూరేంత వెడల్పుగా వదలండి. తర్వాత్తర్వాత తగ్గించుకుంటూ రావచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. పలక, వల అన్నప్పుడు చెవికి వినబడే తేడా పెద్దది. కంటికి చిన్న తేడా, చెవికి పెద్ద తేడా ఉన్న జతలైతే చెవి కంటికి సాయం చేస్తుంది. ప-వ, వు-మ, న-స ఇలాంటివే. అదే బ-భ, చ-ఛ, డ-ఢ తీసుకోండి. చ-ఛ, డ-ఢలకు ఆకారంలో తేడా అడుగున ఒక్క గీత. మరి చెవికి? చాలా ఇళ్లలో ఒత్తు పలకరు. భయం బయంగానే వినబడుతుంది, ఫలం పలంగానే వినబడుతుంది. ఇంట్లో వినని తేడాను అట్ట మీద వెతకమంటే పిల్ల ఏం చేస్తుంది? ఈ జతలను ఏడాది వాయిదా వేసినా నష్టమేమీ లేదు. వర్ణమాల వరుస పెద్దలు ధ్వనుల శాస్త్రం చూసుకుని పెట్టిన అద్భుతమైన వరుస, పాడుకోవడానికి అది అలాగే ఉండాలి. జత చేసే ఆటకు మాత్రం ఆ వరుస పనికిరాదు.

ఇక చేతి సంగతి. అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టి దిద్దించడం మనకు తెలియని విషయం కాదు. బాసరలో ఏడాది పొడవునా జరిగేది అదే. వీధిబడుల్లో ఇసుక మీద దిద్దడం కూడా ఆ దారిదే. ఆ ఇసుక ఒకప్పుడు సముద్రం కూడా దాటింది. మద్రాసులో సైనికుల అనాథ పిల్లల బడిని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి తన బడిలో పెట్టాడు. 1797లో దాని గురించి లండన్‌లో పుస్తకం వేశాడు. ఆ తర్వాత ఇంగ్లండ్ పేదపిల్లల బడుల్లో ఇసుక బల్లలు వెలిశాయి. మరో వందేళ్లకు, 1907లో, రోమ్ నగరంలోని శాన్ లొరెంజో పేటలో పిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరి, వడ్రంగులు చెక్క నునుపు చేసే గరుకు కాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి పలకల మీద అంటించారు. పిల్లలు కళ్లతో చూస్తూ, వేళ్లతో తడుముతూ, నోటితో ఆ ధ్వని పలికేవారు. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. గరుకు అక్షరాలు మన దేశపు బడుల్లోకి విస్తరించడానికి ఆ శిక్షణలు పెద్ద ఊతమయ్యాయి.

తడమడం వల్ల నిజంగా లాభం ఉందా, లేక అది ఆచారం మీద మమకారమా? దీన్ని పరీక్షించినవాళ్లు ఉన్నారు. ఫ్లోరెన్స్ బారా, ఎడ్వార్ జెంతాజ్ తదితరులు 2004లో ఫ్రాన్స్‌లో అయిదేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనంలో, అక్షరాలను చూడటంతో పాటు వేళ్లతో తడిమి నేర్చుకున్న పిల్లలు, కేవలం చూసి నేర్చుకున్నవాళ్ల కన్నా కొత్త మాటలను కూడబలుక్కోవడంలో ఎక్కువ మెరుగుపడ్డారు. వాళ్ల వివరణ నాకు చాలా నచ్చుతుంది. కన్ను అక్షరాన్ని ఒక్కసారిగా మొత్తం చూసేస్తుంది. ధ్వని అలా కాదు, కాలంలో ముందూ వెనకా ఉంటుంది. వేలు కూడా అంతే, ఒక చోట మొదలై ఇంకో చోట ఆగుతుంది. అలా కంటికీ చెవికీ మధ్య వేలు వంతెన అవుతుంది.

కాబట్టి గరుకు అట్టలు చేసుకుందాం. పాత శుభలేఖ వెనకవైపు, అరచేయంత అక్షరం పెన్సిలుతో రాసి, దాని మీద బంక పూసి, బొంబాయి రవ్వ గానీ జల్లించిన ఇసుక గానీ చల్లి ఆరబెట్టాలి. ఆరాక దులిపేస్తే గరుకు అక్షరం నిలుస్తుంది. మొదటి విడతలో అక్షరమంతా గరుకు. పిల్లలు వాటికి అలవాటు పడ్డాక రెండో విడత చేయండి, ఇందులో అక్షరమంతా స్కెచ్ పెన్నుతో నున్నగా రాసి, తేడా ఉన్న గుర్తు ఒక్కటే రవ్వతో వేయాలి. షలో లోపలి గీత, ఠలో చుక్క, ధలో అడుగు గీత. వేలు జారుతూ జారుతూ వెళ్లి అక్కడ ఆగుతుంది. "ఇదిగో, ఇక్కడుంది" అని పిల్లే చెబుతుంది. ఎవరూ వేలు పెట్టి చూపనక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు. పిల్లకు ఎదురుగా కూర్చోకండి, పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే ఇద్దరిలో ఒకరికి అక్షరం తలకిందులుగా ఉంటుంది, అసలే తిప్పినా ఒకటే అనుకునే వయసు. రెండోది, వేలు రాసే దారిలోనే నడవాలి. అ ఎక్కడ మొదలుపెట్టి ఎటు చుడతామో అటే. అక్షరం గీత మీద చింతపిక్కలు పేర్చే ఆటలో ఈ దారి పోతుంది, చేతికొచ్చిన చోటల్లా పెట్టేస్తారు. అందుకని సుద్దతో గీసిన అక్షరం మీద మొదలు దగ్గర ఒక రంగు పిక్క పెట్టి, అక్కణ్ణించి వరుసగా పేర్చమనాలి. మూడేళ్ల లోపు పిల్లలుంటే పిక్కలు, గింజలు అసలు వద్దు, నోట్లోకో ముక్కులోకో పోతాయి. పెద్ద సీసా మూతలు వాడుకోవచ్చు.

ఫోన్‌లో, ట్యాబ్‌లో ఉండే అక్షరాల ఆటల గురించి అడుగుతారు. చాలావాటిలో ఏ అక్షరానికైనా వేలు చేసేది ఒకే పని, తట్టడం. ఫ్రాన్స్‌లో మరీకె లోంగ్‌కాంప్ బృందం 2005లో మూడు నుంచి అయిదేళ్ల మధ్య పిల్లల్లో కొందరికి చేత్తో రాయిస్తూ, కొందరికి కీబోర్డు మీద కొట్టిస్తూ అక్షరాలు నేర్పి చూసింది. ఆ గుంపులో కాస్త పెద్దవాళ్లలో, చేత్తో రాసినవాళ్లే అక్షరాలను బాగా గుర్తుపట్టారు. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన కరీన్ జేమ్స్ ఇంకో అడుగు వేసి, ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లల మెదడును స్కానర్‌లో చూశారు. 2012లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, చదివేటప్పుడు పనిచేసే మెదడు ప్రాంతాలు స్వయంగా రాసి నేర్చుకున్న అక్షరాలకు స్పందించినంతగా, టైపు చేసిన వాటికి గానీ గీత మీద గీత దిద్దిన వాటికి గానీ స్పందించలేదు.

దిద్దిన దానికన్నా సొంతంగా రాసినది ఎందుకు మేలు? పిల్ల రాసే అ ప్రతిసారీ వేరుగా వస్తుంది. ఒకటి పొట్టిగా, ఒకటి బొద్దుగా, ఒకటి పక్కకు ఒరిగి. ఇన్ని వంకర అలు చూశాక, వీటన్నిట్లో మారనిది ఏదో అదే అ అని మెదడు పట్టుకుంటుంది. జేమ్స్ బృందం 2016లో ఈ ఊహను గ్రీకు అక్షరాలతో పరీక్షించింది. పిల్లలు రాయకపోయినా, ఒకే అక్షరాన్ని రకరకాల రూపాల్లో చూపిస్తే రాసినంత లాభమూ వచ్చింది. ఒకే అచ్చు రూపాన్ని పదే పదే చూపిస్తే రాలేదు.

జత చేసే ఆటను ఈ ఫలితం పూర్తిగా మార్చేయాలి. దుకాణంలో కొన్న పెట్టెలో రెండు మ అట్టలూ ఒకే అచ్చులో ఉంటాయి. అలాంటి రెండింటిని జత చేసిన పిల్ల బొమ్మకు బొమ్మ కలిపిందే తప్ప మను గుర్తుపట్టలేదు. దినపత్రిక హెడ్డింగు నుంచి కత్తిరించిన మ ఒకటి, అమ్మమ్మ చేతిరాతలో మ ఒకటి, సినిమా పోస్టరు మీద లావుపాటి మ ఒకటి, నాన్న హడావిడిగా రాసిన మ ఒకటి కలిపి చూడండి. ఈ నాలుగూ ఒకటేనని చెప్పగలిగితే, రేపు ఆర్టీసీ బస్సు బోర్డు మీద కూడా మను పట్టేస్తుంది. పాత పేపర్లు, కత్తెర, ఆదివారం మధ్యాహ్నం ఉంటే ఈ పెట్టె తయారు.

అట్టల రంగుల విషయంలో నిర్దాక్షిణ్యంగా ఉండాలి. అందం కోసం కకి ఎరుపు, మకి నీలం వేస్తారు. పిల్ల ఎరుపును ఎరుపుతో కలుపుతుంది, అక్షరం వైపు చూడదు. పిల్లలకు ఇలాంటి దారులు ఇట్టే దొరుకుతాయి. ఒక అట్ట మూల నలిగి ఉన్నా, దాని మీద పచ్చడి మరక ఉన్నా దాన్నే గుర్తు పెట్టుకుంటారు. అన్నీ ఒకే రంగులో, ఒకే కొలతలో ఉండాలి. చెక్క పలకలో అక్షరం ఆకారానికి గుంట తొలిచి, అందులో ముక్క ఇమిడ్చే ఆట కూడా ఇంతే. తప్పు ముక్క ఎలాగూ పట్టదు కాబట్టి చెయ్యి అటూ ఇటూ తిప్పి దూర్చేస్తుంది. పక్కన ఎవరైనా కూర్చుని "మ ఏదీ?" అని అడుగుతూ ఉంటేనే అది అక్షరాల ఆట.

ఆ అడగడంలో కూడా ఒక క్రమం ఉంది. ఫ్రెంచి వైద్యుడు ఎడ్వార్ సెగాన్ నుంచి తీసుకుని మాంటిస్సోరి వాడినది. ముందు పెద్దవాళ్లే చెబుతారు, "ఇది ప. ఇది వ." తర్వాత అడుగుతారు, "వ ఏదమ్మా? ప నాకివ్వు. వ కిటికీ దగ్గర పెట్టిరా." చాలాసేపు ఇక్కడే ఉండాలి, ఆటంతా ఇక్కడే ఉంది. బాగా కుదిరాకే మూడోది, "ఇదేమిటి?" చూసి గుర్తుపట్టడం తేలిక, లోపల్నుంచి తీసి చెప్పడం కష్టం. చుట్టాలొచ్చినప్పుడు అట్ట పైకెత్తి "ఇదేంటో చెప్పమ్మా" అని నేరుగా మూడో మెట్టు ఎక్కిస్తాం. పిల్ల నోరు మెదపకపోతే రాదనుకుంటాం. రెండో మెట్టు మీద అడిగి చూస్తే చాలాసార్లు వచ్చే ఉంటుంది.

ఇరవై మంది ఉన్న అంగన్‌వాడీలో ఒక్కొక్కరి పక్కన కూర్చోవడం టీచరమ్మకు కుదరదు. అక్కడ గచ్చు మీద పెద్దపెద్ద అక్షరాలు సుద్దతో రాసి, పిల్లల చేతికి అట్టలిచ్చి, ఎవరి అక్షరం మీద వాళ్లను నిలబడమనొచ్చు. ఒకే అక్షరం మీద ఇద్దరు చేరి "నాదంటే నాది" అన్నప్పుడు, రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి వాళ్లనే తేల్చుకోనివ్వాలి. ఆ వాదన కన్నా మంచి పాఠం లేదు.

బొమ్మకు అక్షరాన్ని జత చేసే ఆటలో తెలుగుకు ఒక పెద్ద సౌకర్యం ఉంది. మన అక్షరం పేరే దాని ధ్వని. క పేరు క. ఇంగ్లిషు 'డబ్ల్యూ'లా పేరొకటి, పలుకొకటి కాదు. కాబట్టి పలక బొమ్మ పక్కన ప సూటిగా కుదురుతుంది. కానీ ణ, ళలతో మాటలు మొదలవవు. అందుకే పాత చార్టుల్లో ణ దగ్గర వీణ బొమ్మ ఉంటుంది. 'మొదటి అక్షరం ఏది' అన్న ఆటకు అలవాటు పడిన పిల్ల వీణ బొమ్మను తీసుకెళ్లి వ దగ్గర పెడుతుంది. అది తప్పు కాదు, మనం అడిగిన దానికి సరైన జవాబు. ణ, ళలకు 'చివర ఏం వినబడింది' అనే ఆట వేరుగా ఆడాలి. వీణ, కళ, వేళ అని సాగదీసి పలికి, చివరి ధ్వనిని పట్టుకోమనాలి. ఙ, ఞ, ఱ ఈ వయసులో పెట్టెలో ఉండనక్కర్లేదు.

మొదటి అక్షరాలు ఏవి అన్నదానికి పిల్ల పేరే మంచి జవాబు. అమెరికాలో రెబెక్కా ట్రైమన్ చేసిన అధ్యయనాల్లో పిల్లలకు తమ పేరులోని అక్షరాలు, ముఖ్యంగా మొదటిది, ముందుగా వస్తాయని తేలింది. లలితకు ల, కమలకు క, మ. వాటికి త, ప, వ, న, గ, ద కలిపితే తల, వల, కల, పలక, నగ, గద అన్నీ తయారవుతాయి. వర్ణమాలలోని యాభై ఆరూ వచ్చేదాకా మాటల కోసం ఆగక్కర్లేదు.

ఆ యాభై ఆరుతో పని అయిపోదు కూడా. గుణింతాలు కలిపితే పిల్లలు గుర్తుపట్టాల్సిన రూపాలు నాలుగు వందలు దాటిపోతాయి, ఒత్తులు వేరే. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా, కొందరికి ఆ తర్వాత కూడా పడుతుందని చూపింది. యూకేజీలోనే అంతా అయిపోవాలని కోరుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఇంగ్లిషు వేగంతో తెలుగు లిపిని కొలిస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో వారానికి ఒక్కరోజు తెలుగు బడికి వెళ్లే పిల్లల విషయంలో ఈ ఓపిక రెట్టింపు కావాలి, వాళ్ల చెవికి పలక, వల కూడా కొత్తే.

గుణింతానికీ చేతి ఆట ఉంది, అయిదేళ్లు దాటాక. అట్ట మీద కను తలకట్టు లేకుండా రాయండి. పారదర్శకమైన ప్లాస్టిక్ కవరును చిన్న ముక్కలుగా కత్తిరించి, వాటి మీద తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం విడివిడిగా గీయండి. పిల్ల ఒక్కో ముక్కా క మీద పెట్టి పలుకుతుంది. తలకట్టు పెడితే క, అది తీసి గుడి పెడితే కి. కలో ఉన్న అకారం ఆ తలకట్టులో కూర్చుని ఉందని, అది లేస్తేనే దీర్ఘానికో గుడికో ఏత్వానికో చోటు దొరుకుతుందని, కొమ్ము మాత్రం తలకట్టు ఉండగానే వచ్చి చేరుతుందని చేతికి తెలిసిపోతుంది. త, గ, ద, రలతో కూడా ఇలాగే నడుస్తుంది. తలకట్టే లేని ల, బ, జ, టల దగ్గర, కొమ్ము పక్కకు జరిగే ప దగ్గర, రూపం మార్చుకునే మొ, యొల దగ్గర ముక్కలు సరిగా కూర్చోవు. పిల్ల "ఇది పట్టడం లేదు" అని తెచ్చి ఇస్తుంది. అప్పుడు ఆ అట్టలను పక్కన పెట్టి, వాటికి పూర్తి రూపాలు రాసి, మామూలు జతల ఆటలో కలపాలి.